కుళాయి దగ్గరే కలిసే సీసం

2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి ఫిట్స్‌తో పడిపోయారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని తొలుత ఎయిమ్స్ చెప్పింది. తర్వాత అనుమానం పురుగుమందుల అవశేషాల మీదికి మళ్లింది, సీసం మాట మరుగున పడింది. మన ఇళ్లలో సీసానికి దారి మాత్రం అంతకు చాలాముందే పడింది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా ఊళ్లు తాగింది కాలువ నీళ్లే. వాటిని మంచినీటి చెరువుకు పెట్టి, బిందెలో పటిక తిప్పో, చిల్లగింజ అరగదీసో తేర్చుకునేవారు. గొట్టాలు, కుళాయిలు వచ్చాకే కథ మారింది. ఉప్పు నేలల్లో ఇనుప గొట్టాలు ఇట్టే తుప్పు పడతాయి కాబట్టి చాలామంది పీవీసీ అనే ప్లాస్టిక్ గొట్టాలకు మారారు. తయారీలో వేడికి పాడవకుండా ఆ పీవీసీలో సీసపు లవణాలు కలిపేవారు. ఇత్తడి కుళాయిల్లోనూ సీసం ఉంటుంది, యంత్రం మీద కోసి మలచడం తేలికవుతుందని.

2017లో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రైబ్యునల్ కదిలించాక, పీవీసీ గొట్టాల్లో సీసం తొలగించాలని కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. అప్పటికే గోడల్లో పూడ్చిన గొట్టాలు అక్కడే ఉన్నాయి. తాగునీటిలో సీసం పరిమితి కూడా లీటరుకు 0.05 మిల్లీగ్రాముల నుంచి 2012లో 0.01కి దిగింది. పాత నీటి పరీక్ష రిపోర్టులో ‘పరిమితిలోనే ఉంది’ అని రాసి ఉంటే ఆ మాటను నమ్మొద్దు, అంకె చూడండి. పిల్లల మెదడు విషయంలో సురక్షితమనదగ్గ మోతాదంటూ లేదు.

నీళ్లు గొట్టంలో ఎంతసేపు నిలిస్తే అంత సీసం దిగుతుంది. వేసవిలో కాలువలు కట్టేసి రోజు విడిచి రోజు నీళ్లిచ్చే ఊళ్లలో ఈ నిలవ మరీ ఎక్కువ. కాచితే సీసం పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపే టీడీఎస్ మీటరు సీసాన్ని పట్టలేదు. ఆర్వో ఫిల్టరు సీసాన్ని చాలావరకు తీసేస్తుంది, కానీ లవణాలు పోయిన ఆ నీళ్లు లోహాన్ని ఇంకా త్వరగా కరిగిస్తాయి. అందుకే ఆర్వో తర్వాత ఇత్తడి కుళాయి పెట్టించకండి.

పరీక్షకు ల్యాబు ఇచ్చిన సీసాలే వాడాలి. రాత్రంతా కుళాయి కట్టేసి, తెల్లారగానే వచ్చే మొదటి లీటరు ఒక సీసాలో, మూడు నిమిషాలు వదిలాక ఇంకో లీటరు రెండో సీసాలో పట్టాలి. మొదటిదాంట్లోనే ఎక్కువుంటే లోపం కుళాయిలోనో దాని దగ్గరి గొట్టంలోనో ఉంది. రెండింట్లోనూ ఉంటే ట్యాంకు, బయటి లైను చూడాలి.

ఈలోగా పొద్దున్నే తొలి నీళ్లు అంట్లకు, మొక్కలకు వాడండి. పది మీటర్ల అరంగుళం గొట్టంలో రెండు లీటర్లు, అంగుళం గొట్టంలో అయిదు లీటర్లు నిలుస్తాయి. లోపం కుళాయి దగ్గరే అయితే ఒక బకెట్ వదిలితే చాలు.