మినీ డీవీ క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించడం: అపోహలు - వాస్తవాలు

గత నెలలో ఒకావిడ పెన్‌డ్రైవ్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "అన్నయ్యా, ఇది కాస్త క్లియర్ చేసి ఇస్తారా?" అంది. 2006లో వాళ్ళ నాన్నగారి షష్టిపూర్తి. ఇంట్లోవాళ్ళే హ్యాండీక్యామ్‌తో తీసుకున్నారు. ఆయన నవ్వుతూ కెమెరా వైపు తిరిగారు కానీ మొహం అలికేసినట్టుంది. కళ్ళెక్కడో, కళ్ళజోడెక్కడో తెలియడం లేదు.

"క్యాసెట్ తీసుకురామ్మా, మళ్ళీ మొదటి నుంచి ఎక్కిద్దాం" అన్నాను.

"కంప్యూటర్లోకి వచ్చేసింది కదా అని పారేశామన్నయ్యా."

ఆయన ఇప్పుడు లేరు. ఆవిడకేం చెప్పాలో నాకు తోచలేదు. ఇలాంటివాళ్ళు ఏడాదికి నలుగురైదుగురు వస్తున్నారు. అందుకే రాస్తున్నాను.

అపోహ: ఏ వైరుతో ఎక్కించినా ఒకటే

ఒకటి కాదు. నష్టమంతా ఇక్కడే జరుగుతోంది.

మినీ డీవీ అంటే హ్యాండీక్యామ్‌లో వేసే చిన్న క్యాసెట్. అందులో ఉన్నది అప్పటికే డిజిటల్. షూట్ చేసిన రోజే కెమెరా ఆ బొమ్మను సెకనుకు 25 మెగాబిట్ల చొప్పున టేపు మీద రాసేసింది. ఫైర్‌వైర్ అనే డిజిటల్ వైరుతో తీస్తే ఆ డేటా ఉన్నదున్నట్టు హార్డ్ డిస్కులోకి దిగుతుంది. కెమెరా మీద ఆ పోర్టు పక్కన డీవీ అనో, సోనీ అయితే ఐలింక్ అనో రాసి ఉంటుంది. గంట క్యాసెట్‌కి దాదాపు 13 జీబీ ఫైల్ వస్తుంది. మీకిచ్చిన ఫైల్ ఒక జీబీ, రెండు జీబీలే ఉంటే దాన్ని బాగా కుదించేశారన్నమాట.

చాలాచోట్ల చేస్తున్నది వేరు. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల ఏవీ వైరును ఒక చిన్న యూఎస్‌బీ క్యాప్చర్ డివైస్‌కి తగిలిస్తారు. కెమెరా ఆ డిజిటల్ బొమ్మను అనలాగ్‌గా మార్చి బయటికి పంపుతుంది, ఆ డివైస్ దాన్ని తిరిగి డిజిటల్ చేసి కుదిస్తుంది. బొమ్మంతా ఆ ఒక్క పసుపు వైరులోంచే రావాలి, వెలుగూ రంగూ అందులో కలిసిపోతాయి. పట్టుచీర జరీ అంచు దగ్గర ఆపి చూడండి. సన్నటి గీతల మీద చీరలో లేని రంగులు పాకుతూ కనిపిస్తాయి. ఒకసారి అలా ఎక్కిన ఫైల్‌ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. క్యాసెట్ ఉంటేనే దారి.

కెమెరాకి యూఎస్‌బీ పోర్టు కూడా ఉంది కదా అంటారు. చాలా మోడళ్ళలో అది మెమరీ కార్డులోని ఫొటోల కోసమో, వెబ్‌క్యామ్‌గా వాడుకోవడం కోసమో పెట్టింది. ఒక చివర యూఎస్‌బీ, ఇంకో చివర ఫైర్‌వైర్ ఉన్న చవక వైర్లు ఆన్‌లైన్లో అమ్ముతున్నారు, దయచేసి కొనకండి. రెండూ మాట్లాడుకునే భాషే వేరు. పిన్ను మార్చినంత మాత్రాన పని చేయదు. ఫైర్‌వైర్ కార్డు వేసిన పాత డెస్క్‌టాప్ చాలు ఈ పనికి. మాక్ వాడేవాళ్ళు గమనించాలి: 2025లో వచ్చిన మాక్‌ఓఎస్ టాహోలో ఆపిల్ ఫైర్‌వైర్ సపోర్టే తీసేసింది. పాత మాక్ ఉంటే అప్‌డేట్ చేయకుండా పక్కన పెట్టుకోండి.

ఇంకా పాతరకం వీహెచ్‌ఎస్, హై8 క్యాసెట్లు వేరే సంగతి. అవి అనలాగ్ కాబట్టి క్యాప్చర్ డివైస్ తప్పదు, కాకపోతే మంచిది వాడాలి.

అపోహ: గళ్ళు గళ్ళుగా వస్తే క్యాసెట్ పోయినట్టే

చాలాసార్లు తప్పు కెమెరాది. టేపును చదివే హెడ్ మీద మురికి పట్టి ఉంటుంది, క్లీనింగ్ క్యాసెట్ ఓ పది సెకన్లు తిప్పితే సర్దుకుంటుంది. ఎల్‌పీ మోడ్‌లో, అంటే ఎక్కువసేపు పట్టేలా టేపును నెమ్మదిగా తిప్పి తీసినదయితే తీసిన కెమెరాలో తప్ప ఇంకోదాంట్లో సరిగ్గా ఆడకపోవచ్చు. బూజు పట్టి తెల్లగా కనబడితే మాత్రం అసలు ఏ కెమెరాలోనూ పెట్టకండి. టేపూ పోతుంది, హెడ్డూ పోతుంది.

మన ఇళ్ళలో ఇంకొకటుంది. అమెరికా నుంచి తెచ్చిన హ్యాండీక్యామ్ ఎన్‌టీఎస్‌సీ, ఇక్కడ కొన్నది పాల్. రెండూ వేర్వేరు వీడియో పద్ధతులు, ఒకదాని టేపు ఇంకోదాంట్లో ఆడకపోవచ్చు. ఒక పెద్దాయన మూడు క్యాసెట్లు రుమాల్లో చుట్టి తెచ్చారు. డల్లాస్‌లో మనవడు తొలి అడుగులు వేసినప్పటివట. "ఖాళీ క్యాసెట్లని తేల్చేశారు బాబూ, నేనే ఏదో నొక్కేసుంటాను" అన్నారు, తప్పు చేసినవాడిలా. ముందు కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాను. పాల్ కెమెరాలో నాకూ ఏమీ కనపడలేదు. తెలిసినవాళ్ళ దగ్గర ఎన్‌టీఎస్‌సీ కెమెరా తెచ్చి పెట్టాను. టేపు లోపలికి జారింది, హెడ్ డ్రమ్ము గిర్రున తిరిగిన చప్పుడు, నీలం స్క్రీను, ఆ తర్వాత సోఫా పట్టుకుని నిలబడ్డ పిల్లాడు. ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నారు. గంటసేపు లేవలేదు.

గంట అని ఎందుకన్నానంటే, టేపు మామూలు వేగంతో ఆడుతుంటేనే ఎక్కుతుంది. "పది క్యాసెట్లు గంటలో ఇచ్చేస్తాం" అన్నవాళ్ళకి ఇవ్వకండి.

కదిలినప్పుడు దువ్వెన పళ్ళలా గీతలొస్తే టెన్షన్ పడొద్దు. అది ఇంటర్‌లేస్ వీడియో, అంటే ఒక్కో బొమ్మను గీత విడిచి గీతగా రెండు విడతల్లో తీసింది. ఒరిజినల్ ఫైల్‌ని అలాగే ఉంచి, ఫోన్లో చూసుకునే కాపీకి మాత్రం డీఇంటర్‌లేస్ చేయించుకోండి, ఆ గీతలు పోతాయి.

క్యాసెట్ ఇచ్చే ముందు వెనక ఉన్న చిన్న మీటను సేవ్ వైపు జరపండి, పొరపాటున ఎవరూ రికార్డు చేయలేరు. ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్ళీ మొదటికి తిప్పమనండి, చుట్ట సమంగా బిగుసుకుంటుంది. డీవీ ఫైలే కావాలని అడగండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, కాబట్టి హార్డ్ డిస్కు తీసుకెళ్ళండి, వీలైతే రెండు. చేతికొచ్చాక మొదట్లో, మధ్యలో, చివర్లో రెండేసి నిమిషాలు చూసుకోండి, మాటకీ పెదవులకీ పొంతన కుదిరిందో లేదో కూడా. క్యాసెట్లు తిరిగి తీసుకోండి, నిలబెట్టి, చెమ్మ తగలని బీరువాలో పెట్టండి.