తప్పిన ఫ్రీ త్రోకి రెండు పాయింట్లా?

నెల్లూరులో ఒక కాలేజీ గ్రౌండ్. ఎండాకాలంలో పొద్దు వాలితే గానీ అక్కడి సిమెంటు కోర్టు మీద కాలు పెట్టలేం. ఒక సాయంత్రం బాస్కెట్‌బాల్ ఆట చివర్లో అక్కడ పెద్ద గొడవే అయింది. ఒక్క పాయింటు వెనకబడిన జట్టుకు రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. అంటే అవతలివాళ్లు ఫౌల్ చేసినందుకు గీత దగ్గర నిలబడి ఎవరూ అడ్డుకోకుండా వేసే బంతులు, ఒక్కోటి పడితే ఒక పాయింటు. మొదటిది తప్పింది. రెండోది రింగ్ ముందు అంచుకు తగిలి పైకి లేచింది. బంతి ఇంకా రింగ్ పైనే ఆడుతుండగా, రింగ్ ముందు గీసిన లేన్ పక్కన రెండో చోట నిలబడ్డ పొడుగు అబ్బాయి ఎగిరి, చేత్తో లోపలికి తోసేశాడు.

"ఫ్రీ త్రో కదా, ఒకటే పాయింటు. ఆట సమం" అన్నారు కొందరు. "రింగ్ మీదున్న బంతిని ముట్టుకున్నాడు, అసలు లెక్కలోకే రాదు" అన్నారు ఇంకొందరు. ఒక సీనియర్ అన్న మాత్రం "రెండు పాయింట్లురా, వాళ్లు గెలిచారు" అన్నాడు. "రెండు ఎట్లా అవుతాయన్నా?" అని అందరూ ఆయన మీద పడ్డారు.

ఆయన చెప్పిందే నిజం. మన దేశంలో ఆడేది అంతర్జాతీయ సమాఖ్య ఫీబా నిబంధనలతో. చివరి ఫ్రీ త్రో రింగ్‌కి తగిలాక, లోపల పడేలోగా ఎవరైనా సక్రమంగా బంతిని తాకితే అది ఇక ఫ్రీ త్రో కాదు, రెండు పాయింట్ల గోల్ అవుతుంది. బంతి అప్పటికి రింగ్ పైనే ఉన్నా ఫర్వాలేదు. అమెరికాలోని ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో అలా కుదరదు. అక్కడ రింగ్ మీద కంటికి కనపడని గొట్టం లాంటిది ఉన్నట్టు లెక్క, అందులో ఉన్న బంతిని ముట్టుకోకూడదు. లెక్కలోకి రాదని వాదించిన పిల్లలు ఫోన్‌లో చూసిన ఆటల ప్రకారం మాట్లాడారు. వాళ్లకు తెలిసిన రూలు తప్పు కాదు, అది ఈ కోర్టు రూలు కాదు, అంతే.

ఫోన్‌లో మన పిల్లలు మళ్లీ మళ్లీ చూసేది ఇలాంటి క్షణాన్నే. ఫ్రీ త్రో తప్పుతుంది, అందరూ ఒక్క క్షణం ఆగిపోతారు, ఎక్కడినుంచో ఒకడు లేచి రెండు చేతులతో బంతిని రింగ్‌లోకి దిగ్గొడతాడు. దాన్ని పుట్‌బ్యాక్ డంక్ అంటారు. చూసేవాళ్లకు అదృష్టంలా ఉంటుంది. దాని వెనక మాత్రం నూటముప్పై ఏళ్లుగా సాగుతున్న ఒక తగాదా ఉంది. రింగ్‌కి దగ్గరగా ఎవరు నిలబడాలి, ఎంత దగ్గరగా, ఎప్పుడు కదలాలి అన్నదే ఆ తగాదా.

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంఘం శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ ఈ ఆట మొదలుపెట్టినప్పుడు రీబౌండ్, అంటే తప్పి తిరిగొచ్చిన బంతిని అందుకోవడం, అన్నదే లేదు. పది అడుగుల ఎత్తున పీచ్ పండ్ల బుట్టలు కట్టారు, వాటి వెనక బోర్డు లేదు. బాల్కనీలో కూర్చున్న జనం చెయ్యి చాపి బంతిని తోసేస్తున్నారని తర్వాత బోర్డు పెట్టారు. ప్రేక్షకుల చేతులకు అడ్డంగా పెట్టిన ఆ బోర్డు తప్పిన బంతిని తిరిగి ఆటలోకి పంపడం మొదలుపెట్టింది. ఫ్రీ త్రో కూడా మొదట్లో లేదు. ఒక జట్టు వరసగా మూడు ఫౌల్స్ చేస్తే అవతలి జట్టుకు ఒక గోల్ ఇచ్చేవాళ్లు. కొన్నేళ్లకు ఫ్రీ త్రో వచ్చింది, దాని గీత పదిహేను అడుగుల దూరాన స్థిరపడింది. చాలాకాలం జట్టులో గురి బాగా ఉన్న ఒక్కడే అందరి ఫ్రీ త్రోలూ వేసేవాడు. ఫౌల్ ఎవరి మీద జరిగిందో వాళ్లే వేయాలన్న నిబంధన 1920లలో వచ్చింది. గురి లేనివాళ్లూ గీత దగ్గరికి రావాల్సి వచ్చాక తప్పిన బంతుల కోసం పోటీ పెరిగింది.

ఆ తర్వాత పొడుగువాళ్ల కాలం వచ్చింది. రింగ్ ముందున్న లేన్ వెడల్పు అప్పటికి ఆరడుగులే. జార్జ్ మైకన్ అక్కడ పాతుకుపోతే ఎవరూ కదిలించలేకపోయారు. 1951లో ఎన్‌బీఏ దాన్ని పన్నెండు అడుగులు చేసింది. బిల్ రసెల్ వల్ల 1956లో కాలేజీ ఆటలోనూ అదే పని చేశారు. విల్ట్ చాంబర్లెయిన్ వచ్చాక, 1964లో ఎన్‌బీఏ లేన్ పదహారు అడుగులైంది. చాంబర్లెయిన్ ఫ్రీ త్రో గీత వెనకనుంచి పరుగెత్తుకొచ్చి, గాల్లోకి లేచి నేరుగా రింగ్‌లో వేసేవాడని, అందుకే వేసేవాడు గీత దాటకూడదన్న నిబంధన పెట్టారని చెబుతారు. ఒక మనిషి కోసం కొలతలు మార్చారంటే ఆ మనిషి ఎంత భయపెట్టి ఉండాలి! డంక్ మీద కోపం అక్కడితో ఆగలేదు. ల్యూ ఆల్సిండర్ అనే మరో పొడుగు ఆటగాడు కాలేజీలో ఆడుతున్నప్పుడు, 1967లో, అమెరికా కాలేజీ ఆటలో డంక్‌నే నిషేధించారు. తొమ్మిదేళ్లకు, 1976లో గానీ ఎత్తేయలేదు.

నిషేధం పోయిన ఏడేళ్లకే, 1983 ఏప్రిల్ 4న, కాలేజీ జాతీయ ఫైనల్ ఒక పుట్‌బ్యాక్ డంక్‌తో ముగిసింది. నార్త్ కెరొలినా స్టేట్ జట్టులో డెరిక్ విటెన్‌బర్గ్ దూరం నుంచి వేసిన బంతి రింగ్‌దాకా రాలేదు. కిందున్న లోరెంజో చార్లెస్ గాల్లోనే అందుకుని దిగ్గొట్టాడు. హ్యూస్టన్ మీద 54-52. అది ఫ్రీ త్రో కాదు గానీ, పక్కవాడి గురి తప్పిన బంతిని కూడా తన బంతే అనుకుని కాచుకునేవాడు ఎలా ఉంటాడో ఆ ఒక్క ఎగురులో తెలుస్తుంది. ఫ్రీ త్రోని కావాలనే తప్పించి గట్టెక్కిన ఆటా ఉంది. 2022 డిసెంబరు 27న న్యూయార్క్ నిక్స్‌తో ఆటలో లూకా డోంచిచ్ చివరి సెకన్లలో రెండు పాయింట్లు వెనకబడి, ఉన్న ఒక్క ఫ్రీ త్రోని రింగ్‌కి కొట్టి, వెనక్కి వచ్చిన బంతిని తనే అందుకుని వేసి సమం చేశాడు. అదనపు సమయంలో అతని జట్టు డల్లాస్ గెలిచింది, అతనికి ఆ రోజు 60 పాయింట్లు.

నా దృష్టిలో అసలు కష్టం ఎగరడం కాదు, నిలబడటం. ఫీబా ప్రకారం లేన్ అంచున ఐదుగురే ఉండాలి, ముగ్గురు కాచే జట్టు, ఇద్దరు వేసే జట్టు. రింగ్‌కి దగ్గరి రెండు చోట్లూ కాచేవాళ్లవే. మిగతావాళ్లు ఆ ఫ్రీ త్రో ముగిసేదాకా మూడు పాయింట్ల గీత వెనకే ఆగాలి. బంతి వేసేవాడి చెయ్యి వదిలేదాకా లేన్ పక్కనవాళ్లు కదలకూడదు. అంటే రెండో చోట ఉన్నవాడికి పరుగు తీసే వీలుండదు, ముందున్నవాడు వీపు అడ్డం పెట్టి బాక్స్ ఔట్ చేస్తాడు. ఆ వీపు దాటి అర సెకనులో ఒక అడుగు లోపల పెట్టగలిగితేనే ఎగరడం అన్న మాట వస్తుంది. మన దగ్గర ఆ రెండో చోట నిలబడ్డ పిల్లలు చాలామంది బంతి గాల్లో ఉండగానే వెనక్కి పరుగు మొదలుపెడతారు. వాళ్లకు ఆ అడుగు ఎవరూ నేర్పలేదు.

ఆట మనదాకా రావడానికీ వైఎంసీఏనే కారణం. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వ్యాయామ విద్య కాలేజీ పెట్టాడు. అప్పుడు నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. మన జిల్లాలో బోర్డులు చాలాకాలంగా ఉన్నాయి. డంక్ మాత్రం రాలేదు, దానికి ఎత్తొక్కటే కారణం కాదు. ఒంగోలులో చదువుకునేటప్పుడు మా పీఈటీ సార్ కేక నాకింకా చెవుల్లో ఉంది, "రింగ్ పట్టుకుని వేలాడితే తోలు తీస్తా!" ఆయన భయం న్యాయమైనదే. గట్టిగా బిగించిన ఇనుప రింగ్ ఒకసారి వంగితే మళ్లీ కొత్తది రావడానికి ఏళ్లు పట్టేది.

అమెరికాలోనూ ఈ బాధ పడ్డారు. 1979లో డారిల్ డాకిన్స్ రెండుసార్లు డంక్ చేసి గాజు బోర్డులు పగలగొట్టాడు. పరిష్కారం ఇలినాయ్‌లో ధాన్యం గిడ్డంగిలో పనిచేసే ఆర్థర్ ఎరాట్ దగ్గర దొరికింది. జాన్ డీర్ కంపెనీ సేద్యపు పనిముట్టులోని స్ప్రింగ్ తీసి, బరువు పడితే కిందికి వంగి మళ్లీ యథాస్థానానికి వచ్చే రింగ్ చేశాడు. 1982లో పేటెంట్ వచ్చింది. అదే కంపెనీ ట్రాక్టర్లు పెన్నా ఆయకట్టు పొలాల్లో రోజూ తిరుగుతుంటాయి. ఆ స్ప్రింగ్ ఉన్న రింగ్ మాత్రం మన స్కూలు గ్రౌండ్లలో చాలాచోట్ల కనపడదు. గాల్లోకి లేచిన కుర్రాడు చేతులు రింగ్ మీద వాల్చడానికే జంకుతాడు. అందుకే మన దగ్గర డంక్ కావాల్సింది వేళ్లతో తోయడం దగ్గరే ఆగిపోతుంది.

ఆ సాయంత్రం గొడవ సద్దుమణిగాక రెండు పాయింట్లూ రాశారు. పొడుగు అబ్బాయి మాత్రం ఇంటికి పోలేదు. తమ్ముణ్ణి గీత దగ్గర నిలబెట్టి, "నువ్వు తప్పించి వెయ్యిరా" అంటూ రెండో చోట మోకాళ్లు వంచి నిలబడ్డాడు. చీకటి పడేదాకా ఆ తమ్ముడు తప్పిస్తూనే ఉన్నాడు.