ఎండలో పనిచేసేవాళ్లకీ విటమిన్ డి తక్కువే, ఎందుకు?

పొద్దున ఎనిమిదికి పొలంలో దిగి సాయంత్రం ఐదు దాకా ఎండలోనే ఉండే మనిషికి విటమిన్ డి తక్కువని రిపోర్టు వస్తే నమ్మబుద్ధి కాదు. కానీ తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం చూసింది అదే. 2007లో అచ్చయిన వాళ్ల పరిశోధనలో పల్లెవాళ్లు పట్నంవాళ్లకంటే మెరుగే. అయినా చాలామందిలో డి, లోటుగా లెక్కేసే మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల లోపే ఉంది. వాళ్ల తిండిలో కాల్షియం బాగా తక్కువ. చిక్కు అక్కడే ఉందని నా నమ్మకం.

చర్మంలో తయారైన డి అలాగే పనికిరాదు. ముందు కాలేయానికి వెళ్లి 25-హైడ్రాక్సీ డిగా మారుతుంది. ల్యాబ్‌లో కొలిచేది ఈ నిల్వనే, ఇది రక్తంలో వారాల తరబడి ఉంటుంది. అందులోంచి కొంత కిడ్నీకి చేరి, అసలు పనిచేసే కాల్సిట్రయాల్ అవుతుంది. ఆ పని జరిగేది కిడ్నీలోనని 1970లో కేంబ్రిడ్జ్‌లో ఫ్రేజర్, కోడిసెక్ తేల్చారు.

ఎంత తయారవ్వాలో కిడ్నీ సొంతంగా నిర్ణయించుకోదు. మెడలో థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా నాలుగుంటాయి. రక్తంలో కాల్షియం కాస్త తగ్గితే చాలు, అవి పారాథైరాయిడ్ హార్మోన్ వదులుతాయి, కిడ్నీ కాల్సిట్రయాల్ పెంచుతుంది, పేగులు తిండిలోని కాల్షియాన్ని గట్టిగా లాగుతాయి. ఫాస్ఫేటు ఎక్కువైతే ఎముక కణాలు ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోన్ పంపి కిడ్నీలో కాల్సిట్రయాల్ తయారీని తగ్గిస్తాయి. మెగ్నీషియం బాగా పడిపోతే పారాథైరాయిడ్ హార్మోనే సరిగా ఊరదు.

తిండిలో కాల్షియం రోజూ తక్కువే అయితే పారాథైరాయిడ్ హార్మోన్ ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది, కాల్సిట్రయాలూ అంతే. ఆ కాల్సిట్రయాల్ ఎక్కువయ్యేకొద్దీ కాలేయంలో 25-హైడ్రాక్సీ డి త్వరగా విరిగి పనికిరాకుండా పోతుందని 1987లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. అంటే ఎండ సంపాదించి పెట్టిన డి, కాల్షియం కరువులో తొందరగా ఖర్చైపోతోంది.

మా పిన్ని రిపోర్టు చేతిలో పట్టుకుని చూస్తే ఇదంతా కనిపించింది. డి 14. పారాథైరాయిడ్ హార్మోన్ ఎక్కువ. కాల్షియం మాత్రం 9.1, నార్మల్. "కాల్షియం బానే ఉంది కదరా" అంది. రక్తంలో బానే ఉంది పిన్నీ, లోటైనదాన్ని ఆ హార్మోన్ నీ ఎముకల్లోంచి తెచ్చి పూడుస్తోంది అని చెప్పాను. మూడు పూటలా అన్నమే ఆమె తిండి. వంద గ్రాముల తెల్లబియ్యంలో కాల్షియం దాదాపు 10 మిల్లీగ్రాములు. అదే రాగుల్లో అయితే 350 దాకా ఉంటుంది. రాగుల్లో కాల్షియాన్ని పట్టేసే ఫైటేట్లూ ఉన్నాయి, అందుకే నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టించుకోమన్నాను. డాక్టరు డితోపాటు కాల్షియం మాత్ర కూడా రాశారు. ఇప్పుడు పొద్దున్నే మజ్జిగ కలిపిన అంబలి తాగుతోంది.