పాలిచ్చే తల్లికి ఫ్లూ టీకా: అపోహలు - వాస్తవాలు

6 నెలలు నిండని బిడ్డకు ఫ్లూ టీకా వేయరు. ఆ వయసుకు ఆమోదం ఉన్న ఫ్లూ టీకా ఏదీ లేదు. ఫ్లూ ముదిరి ఆసుపత్రి దాకా వెళ్లే ముప్పు మాత్రం ఆ పసివాళ్లకే ఎక్కువ. అందుకే ఆ ఆరు నెలలూ చుట్టూ ఉన్న పెద్దవాళ్లు జబ్బు పడకుండా చూసుకోవాలి. వాళ్లలో మొదటి మనిషి తల్లి. రోజుకు 8 నుంచి 12 సార్లు బిడ్డ ముఖం ఆమె ముఖానికి జానెడు దూరంలోకి వస్తుంది. బాలింతలు అడిగే సందేహాలు దాదాపు అన్నీ పాల గురించే. ఫ్లూ మాత్రం బిడ్డకు ఆ జానెడు దూరంలోని తుమ్ము, దగ్గు తుంపర్ల నుంచే అంటుకుంటుంది.

అపోహ: టీకా మందు పాలలోకి దిగి బిడ్డకు ఫ్లూ తెప్పిస్తుంది.

సూదిమందుగా వేసే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు. ఎక్కువ రకాల టీకాల తయారీలో వైరస్‌ను కోడిగుడ్లలో పెంచి, రసాయనంతో చంపి, ముక్కలు చేసి, పైపొరలోని ప్రొటీన్లను వేరుచేస్తారు. మామూలు మోతాదు అర మిల్లీలీటరు. అందులో ఒక్కో రకం వైరస్‌కు సంబంధించిన ముఖ్యమైన ప్రొటీన్ 15 మైక్రోగ్రాములు. చచ్చిన ముక్కలు పెరగవు, అంటుకోవు. పాలలో కనిపించేది ఆ తర్వాత తల్లి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలు.

ముక్కులో చుక్కల్లా కొట్టే టీకా వేరు. దానిలో బలహీనపరిచిన సజీవ వైరస్ ఉంటుంది. గర్భిణులకు దాన్ని ఇవ్వరు. ఈ మాట విన్నవాళ్లు పాలిచ్చే తల్లికీ అదే నిబంధన అనుకుంటారు. కాదు, పాలిచ్చేవాళ్లు రెండింటిలో ఏదైనా తీసుకోవచ్చు. ముక్కు టీకా 2 నుంచి 49 ఏళ్ల వయసువారికే. ఇంట్లో ఎముక మజ్జ మార్పిడి వంటివి జరిగి రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవాళ్లు ఉంటే సూదిమందే ఎంచుకోవాలి. అది లేకపోయినా మా ఓటు సూదిమందుకే. బాలింత మళ్లీ గర్భవతి అయి ఉండొచ్చన్న అనుమానం ఉన్నా ఇబ్బంది రాదు.

అపోహ: టీకా వేయించుకున్న రోజు పాలు పిండి పారబోయాలి.

ఒక్క చుక్క కూడా పారబోయక్కర్లేదు. సూది పడకముందు పాలివ్వవచ్చు, పడిన మరుక్షణం ఇవ్వవచ్చు. విరామం అంటూ ఏదీ లేదు. నష్టం జరిగేది ఆ విరామం వల్లే. రెండు మూడు పూటలు బిడ్డను దూరంగా ఉంచితే రొమ్ములు గట్టిపడతాయి, పాలగడ్డలు కడతాయి, చివరికి పాలూ తగ్గుతాయి. అప్పుడు నింద టీకా మీద పడుతుంది.

అపోహ: టీకాతో పాలు తగ్గిపోతాయి.

పాలు తయారయ్యేది బిడ్డ ఎంత తాగితే అంత. టీకా ఈ లెక్కను మార్చదు. కొందరికి ఒకటి రెండు రోజులు సన్నటి జ్వరం, ఒళ్లు నొప్పులు, చెయ్యి సలుపు ఉంటాయి. ఆ నీరసంలో తల్లి సరిగా తినక, నీళ్లు తాగక, బిడ్డను పట్టుకోలేక పాలిచ్చే సార్లు తగ్గిస్తే, పాలూ తగ్గినట్టు అనిపిస్తాయి. పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్ర, అవసరమైతే ఆరు గంటల ఎడంతో, పాలిచ్చేవాళ్లకు ఇబ్బంది లేదు. ఆస్పిరిన్ మాత్రం వద్దు.

చెయ్యి నొప్పి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. బాలింతకు ఆ చెయ్యే బిడ్డకు దిండు. ఎక్కువగా వాడని చెయ్యి చూపించండి. సూది పడాల్సిన చోటు భుజం చివర ఎముకకు రెండు మూడు వేళ్ల కింద ఉన్న కండ. జాకెట్టో నైటీయో మెడ వైపు నుంచి జార్చితే భుజం పైభాగం మాత్రమే బయటపడుతుంది. అప్పుడు సూది ఎముక పక్కకు, కీలు దగ్గరికి పోయే ప్రమాదం ఉంది. అలా పడితే భుజం నొప్పి నెలల తరబడి వేధించవచ్చు. చెయ్యి మొత్తం బయటికి తీయగలిగే వదులు బట్టలు వేసుకోండి. ఆ రెండు రోజులు పక్కకు తిరిగి పడుకుని పాలివ్వండి, లేదా బిడ్డ కింద దిండు పెట్టి బరువంతా దాని మీదికి పోనివ్వండి. చెయ్యి కదపకుండా బిగపట్టుకోవద్దు, మామూలుగా ఆడిస్తే నొప్పి తొందరగా తగ్గుతుంది.

ఇంకొకటి. టీకా వేసిన వైపు చంకలో కొద్ది మందికి చిన్న బిళ్ల కడుతుంది. దాన్ని పాలగడ్డ అనుకుని గట్టిగా పిసకకండి, అదే సర్దుకుంటుంది. రొమ్ము ఎర్రబడి, వేడిగా, నొప్పిగా ఉంటే అది టీకా పని కాదు, డాక్టరుకు చూపించాలి.

అపోహ: గర్భంతో ఉన్నప్పుడే వేయించుకున్నాను, ఇక అక్కర్లేదు.

ఈ సీజన్‌లోనే వేయించుకుని ఉంటే నిజమే, రెండోది అవసరం లేదు. పైగా అప్పుడు తయారైన యాంటీబాడీలు మాయ దాటి బిడ్డ రక్తంలోకి చేరాయి. అందుకే గర్భంతో ఉన్నప్పుడు వేయించుకోవడం అన్నిటికన్నా మంచిది. కానీ అవి కొన్ని నెలల్లో తరిగిపోతాయి, తల్లిలో ఉన్నవీ తగ్గుతాయి. వైరస్ కూడా మారుతూ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి, టీకాలో ఏ రకాలు ఉండాలో చెబుతుంది. సీజన్ మారితే కొత్త టీకా పడాలి. గర్భంలో తప్పిపోయినవాళ్లు కాన్పు అయ్యాక ఎప్పుడైనా వేయించుకోవచ్చు, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లకముందే అయినా సరే. ఆపరేషన్ జరిగిందన్నది అడ్డు కాదు.

అపోహ: పాలతోనే బిడ్డకు పూర్తి రక్షణ వచ్చేస్తుంది.

ఇది టీకాను మెచ్చుకునేవాళ్లు చెప్పే అపోహ. టీకా తర్వాత పాలలో ఫ్లూకు ఎదురు నిలిచే యాంటీబాడీలు పెరుగుతాయి. వాటిలో ఐజీఏ రకం బిడ్డ గొంతు, పేగుల లోపలి పొర మీద పూతలా పరుచుకుంటుంది. మాయ దాటి వచ్చినవాటిలా రక్తంలో చేరి నెలల తరబడి నిలవదు, పాలు తాగుతున్నంత కాలమే పని చేస్తుంది. సాయం ఉంది గానీ కవచం కాదు. అసలు లాభం తల్లి జబ్బు పడకపోవడం. అదైనా టీకా పడిన సుమారు రెండు వారాలకు గానీ మొదలవ్వదు, కాబట్టి ఊళ్లో ఫ్లూ మొదలయ్యాక చూద్దాంలే అనుకోవద్దు. బిడ్డను ఎత్తుకునే నాన్న, అమ్మమ్మ, నానమ్మ, అన్నయ్యలు, అక్కలు కూడా వేయించుకోవాలి.

అపోహ: తల్లికి ఫ్లూ వస్తే పాలు మాన్పించాలి.

ఫ్లూ పాల ద్వారా వ్యాపించదు. మాన్పిస్తే ఉన్న కాస్త రక్షణా పోతుంది. చేతులు సబ్బుతో 20 సెకన్లు కడిగి, ముక్కూ నోరూ మూసేలా మాస్కు పెట్టుకుని పాలివ్వండి. లేవలేనంత నీరసంగా ఉంటే పాలు పిండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లతో పట్టించండి. ఫ్లూ వైరస్ మీద పనిచేసే ఒసెల్టామివిర్ అనే మందు డాక్టరు రాసిస్తే వాడవచ్చు. పెద్దవాళ్లకు సాధారణంగా 75 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 5 రోజులు. పాలలోకి చాలా కొద్దిగానే వెళుతుంది. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటే బాగా పని చేస్తుంది. మాస్కుకు ఉన్న లోపం ఒకటి: లక్షణాలు కనబడడానికి ఒక రోజు ముందు నుంచే ఫ్లూ ఇతరులకు అంటుతుంది. జబ్బు తెలిసి మాస్కు పెట్టుకునేసరికి బిడ్డకు ఓ పది సార్లు పాలిచ్చి ఉంటారు.

3 నెలల లోపు బిడ్డకు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ తాకితే ఇంట్లో మందులు వేస్తూ కూర్చోకండి, వెంటనే తీసుకెళ్లండి. పాలు పట్టకపోవడం, మూత్రం తగ్గడం, ఊపిరి తీసినప్పుడు డొక్కలు ఎగరేయడం కూడా అంతే తొందరవి. 2 నెలల లోపు బిడ్డ ఊపిరి ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి, 60 లేదా అంతకు మించితే ఆగకూడదు.

అపోహ: బిడ్డ టీకా కార్డులో "ఇన్‌ఫ్లుయెంజా" అని ఉంది, ఫ్లూ టీకా పడినట్టే.

పేరు చేసిన మోసం ఇది. కార్డులో ఉన్నది హిమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే టైప్ బి, క్లుప్తంగా హిబ్. అది వైరస్ కాదు, బ్యాక్టీరియా. న్యుమోనియా, మెదడు పొరల వాపు తెస్తుంది. 1892లో రిచర్డ్ ఫైఫర్ ఫ్లూకు కారణం ఈ బ్యాక్టీరియానే అనుకున్నాడు, పేరు అలా అంటుకుపోయింది. మనుషుల ఫ్లూ వైరస్‌ను వేరుచేసింది 1933లో. హిబ్ టీకా ఫ్లూను ఆపదు.

అపోహ: టీకాలో పాదరసం ఉంటుంది, గుడ్డు పడనివాళ్లకు ప్రాణాపాయం.

పాదరసం అంటున్నది థయోమెర్సాల్ అనే పాదరసపు నిల్వ మందును. ఒక మనిషికి ఒకటిగా వచ్చే సిరంజీల్లో అది ఉండదు. ఎక్కువ డోసుల సీసాలో, మూత పదే పదే గుచ్చేటప్పుడు సూక్ష్మజీవులు పెరగకుండా కొద్దిగా కలుపుతారు. అందులోది పాదరసపు ఇథైల్ రూపం, చేపల్లో పేరుకునే మిథైల్ రూపంలా కాకుండా శరీరం నుంచి త్వరగా పోతుంది. అయినా మనసు ఒప్పకపోతే సిరంజీ రకం అడగండి. గుడ్డు అలర్జీ ఉన్నవాళ్లూ ఇప్పుడు మామూలుగానే వేయించుకోవచ్చు.

నిజంగా ఆగాల్సింది ఎవరంటే, గతంలో ఫ్లూ టీకాకు గానీ అందులోని పదార్థానికి గానీ తీవ్రమైన అలర్జీ వచ్చినవాళ్లు. ఫ్లూ టీకా పడిన 6 వారాల్లో గిలాన్ బారీ సిండ్రోమ్ (నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ చచ్చుబడే జబ్బు) వచ్చినవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడాలి. గట్టి జ్వరం ఉంటే తగ్గాక రండి, మామూలు జలుబుకు వాయిదా అక్కర్లేదు. వేశాక 15 నిమిషాలు అక్కడే కూర్చోండి, ఆ సమయంలో బిడ్డకు పాలిచ్చుకోవచ్చు. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకట్టి కరిగినది పారేయాల్సిందే, చూడ్డానికి బాగానే ఉన్నా సరే.

బిడ్డకు 6 నెలలు నిండగానే వాడి వంతు వస్తుంది. మొదటిసారి కాబట్టి రెండు డోసులు, కనీసం 4 వారాల ఎడంతో. ఒక్క డోసుతో ఆపేస్తే రక్షణ సగంలో నిలిచిపోతుంది, మొదటిది వేయించిన రోజే రెండోదానికి తేదీ రాయించుకోండి.