చుక్కల లెక్కలో ఇమిడిన అక్షరం

ఇంగ్లీషు పెద్దక్షరాన్నైనా, అంకెనైనా పోల్చుకునేలా చూపడానికి ఐదు నిలువు వరుసలు, ఏడు అడ్డు వరుసలు, అంటే 35 చుక్కలు ఉంటే చాలు. పోస్టర్ల మీద, ఫోన్ తెరల మీద ఇప్పుడు పాతకాలపు సొగసుగా కనిపిస్తున్న డాట్ మ్యాట్రిక్స్ అక్షరాలు ఈ పొదుపు నుంచి పుట్టినవే.

చుక్కలతో రాయడం కంప్యూటర్ల కంటే పాతది. 1928 నవంబరు 6న న్యూయార్క్‌లోని టైమ్స్ స్క్వేర్‌లో జనం అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో హెర్బర్ట్ హూవర్ గెలుపు వార్తను చదివింది 14,800 బల్బుల పట్టీ మీద. 1960ల తొలినాళ్ళలో కెనడాలోని ఫెరాంటి-ప్యాకర్డ్ సంస్థ ఒకవైపు నలుపు, మరోవైపు పసుపు రంగు ఉన్న చిన్న బిళ్ళలను విద్యుదయస్కాంతంతో తిప్పే బోర్డులను తయారుచేసింది. బిళ్ళ తిరిగేటప్పుడు తప్ప అక్షరాన్ని నిలిపి ఉంచడానికి వాటికి కరెంటు అక్కర్లేదు. ఆ తరువాత వచ్చిన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు పిన్నులతో రిబ్బన్ మీద కొడుతూ అక్షరాన్ని ముద్రించింది. ఆ దెబ్బ అడుగు కాగితం దాకా దిగుతుంది కనుకనే, కార్బన్ ప్రతులు కావలసిన బిల్లుల దగ్గర అది నేటికీ బతికి ఉంది.

చుక్కలు తక్కువైనప్పుడు ఏ అక్షరానికి ఏది వదలాలన్నదే అసలు సమస్య. సున్నాకూ ఇంగ్లీషు ‘ఓ’ అక్షరానికీ తేడా తెలియాలంటే సున్నాలో ఏటవాలుగా ఒక గీత గీయాలి. ఎనిమిదీ ‘బీ’ అక్షరమూ కలిసిపోకుండా ఉండాలంటే ‘బీ’ ఎడమ మూలలు నిండాలి, ఎనిమిది మూలలు ఖాళీగా ఉండాలి. తొలితరం ప్రింటర్లలో చాలావాటికి ఏడు పిన్నులే ఉండటంతో ‘జీ’, ‘పీ’ చిన్నక్షరాల తోకలకు కింద చోటు లేక, ఆ అక్షరాలను మొత్తంగా పైకి నెట్టి కూర్చోబెట్టేవారు. 1980లో వచ్చిన ఎప్సన్ ఎంఎక్స్-80లో తొమ్మిది పిన్నులుండటంతో తోకలు సరైన చోటికి దిగాయి.

ఇప్పటి ఫాంటు ఫైలులో ఉండేవి పిన్నుల దెబ్బలు కావు, వక్రరేఖలతో గీసిన వృత్తాలు. మామూలు ‘ఈ’ పెద్దక్షరాన్ని పన్నెండు మూలబిందువులతో గీయవచ్చు. 5×7 చుక్కల చట్రంలో అదే అక్షరానికి 18 చుక్కలు, చుక్కకు కనీసం నాలుగు వక్రరేఖల లెక్కన 72 రేఖలు కావాలి. అందుకే ఒక్క చుక్కను ఒకసారి గీసి, కావలసిన చోటల్లా దాన్నే పిలిచే పద్ధతి ట్రూటైప్ అనే ఫాంటు ఫైలు రకంలో ఉంది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే డోటో ఫాంటులోనైతే చుక్కను చతురస్రం నుంచి వృత్తం దాకా మనమే మార్చుకోవచ్చు. మామూలు అక్షరాన్ని తీసుకొని దాని లోపల చుక్కలు చల్లి రెట్రో అనిపించే ఫాంట్లు కూడా చాలానే ఉన్నాయి. చుక్కల చట్రం పెట్టిన నిబంధనకు లొంగని అలాంటి వాటిని నేను నకళ్ళుగానే చూస్తాను.

చుక్కల ఫాంటు శీర్షికలకే తగినది. చూపు బాగున్న కన్ను డిగ్రీలో 60వ వంతు కంటే తక్కువ కోణంలో ఉన్న రెండు బిందువులను విడదీయలేదు. దుకాణాల ముందు వెలిగే పీ10 ఎల్ఈడీ బోర్డులో చుక్కకూ చుక్కకూ మధ్య దూరం 10 మిల్లీమీటర్లు కనుక, సుమారు 34 మీటర్ల దూరానికి చుక్కలు కలిసిపోయి గీతలుగా కనిపిస్తాయి. బోర్డుకు ఇది మేలే. చుక్కల అందం కోసమే పెట్టిన శీర్షికకు మాత్రం ఇదే నష్టం: అక్షరం చిన్నదైతే తెర మీద చుక్కలు బూడిదరంగు మరకలవుతాయి, కాగితం మీద సిరా పాకి సందులు పూడుకుపోతాయి. ఈ ఫాంటుతో ఒక పేరా మొత్తం కూర్చడం పాఠకుణ్ణి శిక్షించడమే.

తెలుగుకు వచ్చేసరికి 35 చుక్కల లెక్క కుదరదు. చిన్న ఎల్‌సీడీ తెరలను నడిపే హిటాచి హెచ్‌డీ44780 చిప్పులో మనం సొంతంగా గీసుకోగలిగినవి ఎనిమిది అక్షరాలే. బ్యాటరీ బొమ్మకూ గంట బొమ్మకూ అవి సరిపోతాయి గానీ ఒక గుణింతానికి కూడా చాలవు. పీ10 పలకలో 16 వరుసలుంటాయి. ఇంగ్లీషు రెండు పంక్తులు పట్టే ఆ ఎత్తులో తెలుగు ఒక్క పంక్తే, అదీ ఇరుకుగా, పడుతుంది. ‘స్త్రీ’ అని రాయాలంటే పైన గుడిదీర్ఘానికి నాలుగు, కింద తవత్తుకూ క్రావడికీ నాలుగు వరుసలు తీసేస్తే ‘స’కు మిగిలేది ఎనిమిదే.

‘ర’ పొట్టలో చుక్క పెడితే ‘ఠ’ అవుతుంది. ఆ చుక్క విడిగా కనిపించాలంటే గోడ, సందు, చుక్క, సందు, గోడ అని అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు గడులు తప్పనిసరి. ఒక్క గడి తగ్గినా పొట్ట పూడిపోతుంది. ‘ధ’, ‘థ’ల మధ్యా ఇదే ఇబ్బంది. 1998లో రోమన్ సిబోరా మొదలుపెట్టిన జీఎన్‌యూ యూనిఫాంట్ అనే చుక్కల ఫాంటు తెలుగు అక్షరాలను 16 వరుసల్లోనే గీసింది, కానీ అందులో కంప్యూటరు అక్షరాలకు ఇచ్చే ఒక్కో సంకేతానికి ఒక్కో బొమ్మే కనుక వత్తులు అక్షరం కిందికి చేరవు.

శీర్షికల కోసం కొత్తగా తెలుగు చుక్కల ఫాంటు గీసేవారికి బోర్డు ఎత్తుతో పని లేదు కనుక 24 వరుసలైనా తీసుకోవచ్చు. అన్నేసి వరుసలు పెడితే చుక్కలు సన్నబడి, అక్షరం మామూలు గుండ్రని తెలుగులా కనిపించడం మొదలవుతుంది. నా మట్టుకు 18 నుంచి 20 వరుసలు తీసుకొని, జంట వత్తులను ఒకదాని కింద ఒకటి కాక పక్కపక్కన సర్దడం మేలనిపిస్తుంది. అలా చేస్తే ‘ఠ’ చుక్కకు కావలసిన ఐదు గడులూ దక్కుతాయి.