ఆర్కియా: అపోహలు - వాస్తవాలు

బయోగ్యాస్ సూక్ష్మజీవులపై హైదరాబాద్‌లో పనిచేస్తున్న నాకు, ఆర్కియా అనే సూక్ష్మజీవుల గురించి ల్యాబ్‌లో కొత్తగా చేరే విద్యార్థుల నోట ఏటా వినిపించే మాటలివి.

అపోహ: ఆర్కియా అంటే పాతకాలపు బ్యాక్టీరియా.

వాస్తవం: ఇంటర్ వృక్షశాస్త్రంలో మొనీరా రాజ్యం కింద 'ఆర్కీబ్యాక్టీరియా' అని చదువుకున్నవారు అలా అనుకోవడం సహజమే, తప్పు వారిది కాదు, పేరుది. మైక్రోస్కోప్ కింద చూస్తే రెండూ కేంద్రకం లేని చిన్న కణాలే. అయితే 1977లో శాస్త్రవేత్తలు కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ కణాల్లో ప్రోటీన్లను తయారుచేసే రైబోసోమ్‌లలోని ఆర్‌ఎన్‌ఏను పోల్చి చూసినప్పుడు, మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు (ఇవి ఆర్కియాలోవే) మొక్కలకూ జంతువులకూ ఎంత దూరమో బ్యాక్టీరియాకూ అంతే దూరమని తేలింది. 1990లో వోస్, కాండ్లర్, వీలిస్ కలిసి జీవులన్నిటినీ బ్యాక్టీరియా, ఆర్కియా, యూకేరియా (కేంద్రకం ఉన్న కణాల జీవులు) అనే మూడు డొమైన్లుగా, అంటే అతిపెద్ద వర్గాలుగా ప్రతిపాదిస్తూ పేరులోంచి 'బ్యాక్టీరియా'ను తీసేశారు. ఆర్కియా కణత్వచంలో కొవ్వు ఆమ్లాలకు బదులు ఐసోప్రెనాయిడ్ అనే కొమ్మలున్న కార్బన్ గొలుసులు ఈథర్ అనే రకం రసాయన బంధాలతో గ్లిసరాల్‌కు అతుక్కుని ఉంటాయి. కణకవచంలో, బ్యాక్టీరియా కవచానికి గట్టిదనమిచ్చే పెప్టిడోగ్లైకాన్ ఉండదు కనుక, దాని నిర్మాణాన్ని అడ్డుకునే పెన్సిలిన్ వీటిని ఏమీ చేయలేదు. మరోవైపు, డీఎన్‌ఏను చదివి ఆర్‌ఎన్‌ఏను తయారుచేసే ఎంజైము మాత్రం మన కణాల్లోని దానినే పోలి ఉంటుంది.

అపోహ: మరిగే ఊటల్లో, ఉప్పు మడుగుల్లో తప్ప ఇవి బతకవు.

వాస్తవం: మెథనోపైరస్ కాండ్లెరి 122 డిగ్రీల సెల్సియస్ వద్ద కూడా పెరిగిన మాట నిజం. కానీ పొలం మట్టిలోనూ, సముద్రపు నీటిలోనూ, ఆవు పొట్టలోనూ, చివరికి మన పేగుల్లోనూ ఆర్కియా ఉంటాయి. పేగుల్లో ఉండేదాని పేరు మెథనోబ్రెవిబాక్టర్ స్మితి. పేరులో మళ్లీ 'బాక్టర్' చేరింది చూడండి!

అపోహ: ఇవి రోగాలు తెస్తాయి.

వాస్తవం: మనుషులకు రోగం తెచ్చే ఆర్కియా ఇదేనని ఇప్పటివరకు నిర్ధారణ కాలేదు.

అపోహ: గోబర్ గ్యాస్‌ను తయారుచేసేది బ్యాక్టీరియా.

వాస్తవం: ఇది సగం నిజం. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో వ్యర్థాలతో నడిచే బయోగ్యాస్ ప్లాంటునే తీసుకోండి. మెత్తబడిన టమాటాలనూ క్యాబేజీ ఆకులనూ విడగొట్టి ఆమ్లాలుగా, ఎసిటేట్‌గా, హైడ్రోజన్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేది ప్రధానంగా బ్యాక్టీరియా. వాటి నుంచి మీథేన్‌ను తీసేది ఆర్కియా మాత్రమే. బ్యాక్టీరియా వేగంగా, ఆర్కియా నిదానంగా పెరుగుతాయి కాబట్టి, డైజెస్టర్‌లో (వ్యర్థాలు కుళ్లే తొట్టిలో) ఒక్కసారిగా ఎక్కువ వ్యర్థం వేస్తే ఆమ్లాలు పేరుకుని, పీహెచ్ పడిపోయి, మీథేన్ ఆగిపోతుంది. అప్పుడు 'బ్యాక్టీరియా చచ్చిపోయింది' అంటారు గానీ, ముందు దెబ్బతినేది ఆర్కియా.

మీథేన్ తయారుచేసే ఈ ఆర్కియా ఆక్సిజన్ ఉన్నచోట పెరగలేవు. అందుకే రబ్బరు బిరడా బిగించిన సీసాల్లో, రెసజురిన్ అనే రంగు పదార్థం కలిపిన ద్రవంలో పెంచుతాం. ఆక్సిజన్ లేనంతసేపు ఆ రంగు కనిపించదు. సిరంజి సూదితో పాటు ఒక్క గాలి బుడగ లోపలికి పోయినా ద్రవం గులాబీ రంగుకు తిరుగుతుంది. మొన్న ఒక విద్యార్థి చేతిలో అలాగే జరిగింది. మూడు వారాలుగా పెంచుతున్న ఆ సీసాను పక్కన పెట్టి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం.