అప్పుపత్రం దానం

విశాఖపట్నం

చిట్టీ, బన్నీ,

మొన్న గోదావరి ఎక్కే హడావుడిలో చిట్టి అడిగినదానికి జవాబు చెప్పలేకపోయాను. నా పాత 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' ఆట కార్డుల పెట్టెలోంచి 'ఇల్యూజన్స్ ఆఫ్ గ్రాండ్యర్' తీసి, "ఈ పనికిమాలినదాన్ని ఎందుకు దాచావు మావయ్యా?" అంది కదా.

ఒక్కదాన్నే చూస్తే పనికిమాలినదే. 1995లో ఐస్ ఏజ్ సెట్‌లో వచ్చింది. 4 మానా (కార్డు దింపడానికి కట్టే శక్తి) పెట్టి దింపితే 20 లైఫ్ ఇస్తుంది; లైఫ్ సున్నా అయితే ఆట ఓడినట్టే. అది బల్ల మీంచి పోయినప్పుడు మాత్రం, ఎవరి దగ్గరుంటే వాళ్లకి 20 పోతుంది. పైగా ఉంచుకోవడానికి ప్రతి టర్న్ మొదట్లో కిస్తీ కట్టాలి: 2, తర్వాత 4, ఆపైన 6. అందరం ఆట మొదలుపెట్టేదే 20 లైఫ్‌తో. అంటే ఇది మెడకు చుట్టుకునే అప్పన్నమాట.

1999లో అర్జాస్ డెస్టినీ సెట్‌లో 'డొనేట్' వచ్చింది. 3 మానా కడితే బల్ల మీదున్న నీ కార్డు ఒకటి ఎదుటివాడి అధీనంలోకి పోతుంది. అంతే దాని పని. ఎవరికి కావాలి ఇలాంటి దానధర్మం? కానీ ఈ రెండూ కలిపి కొందరు 'ట్రిక్స్' అనే డెక్ (ఆటకి పేర్చుకునే కార్డుల కట్ట) కట్టారు.

నాలుగో టర్న్‌లో ఇల్యూజన్స్ దింపావు, నీకు 40 లైఫ్. ఐదో టర్న్‌లో ఐదు ల్యాండ్లు, అంటే టర్న్‌కి తలా ఒక మానా ఇచ్చే కార్డులు. కిస్తీకి 2, డొనేట్‌కి 3. చిల్లర కూడా మిగలదు. ఇక ఎదుటివాడి వంతు. వాడు మొదటి కిస్తీయే 4 కట్టాలి. కట్టకపోతే అక్కడికక్కడే 20 లైఫ్ పోతుంది. కట్టాడే అనుకో, ఆ టర్న్‌లో చేతులు కట్టేసినట్టే, పైగా తర్వాతి టర్న్‌కి 6.

నాకు ముచ్చటేసేది ఇంకొకటి. ఈ డెక్‌లో 'నెక్రోపొటెన్స్' కూడా ఉంటుంది. లైఫ్ ఒకటి ఇస్తే కార్డు ఒకటి. అప్పు తెచ్చిన డబ్బు హాయిగా ఖర్చుపెట్టి, పత్రం పక్కింటాయన చేతిలో పెట్టడం!

ఒకసారి నేనూ మునిగాను. ఇల్యూజన్స్ దింపానో లేదో, ఎదుటాయన 2 మానాతో, బల్ల మీది ఇలాంటి కార్డుని తీసేయించే 'డిసెన్‌చాంట్' వేశాడు. రావలసిన 20 ఇంకా రాలేదు, పోవలసిన 20 ముందే పోయింది. అయిపోయింది ఆట. అందుకే ఈ డెక్ వాళ్లు 'ఫోర్స్ ఆఫ్ విల్' చేతిలో ఉండేదాకా ఓపిక పడతారు. 1 లైఫ్, మరో నీలి కార్డు వదులుకుంటే చాలు, మానా లేకుండానే ఎదుటివాడు వేసే కార్డు ఆగిపోతుంది. నాకు ఆ ఓపిక లేదు. మీ అమ్మనడగండి, చెబుతుంది.

పెట్టె బీరువా పైన పెట్టాను. ఇక్కడి సముద్రపు గాలికి కార్డులు వంకర్లు పోతున్నాయని సిలికా జెల్ ప్యాకెట్లు కూడా వేశాను. బామ్మ వాటిని చూసి "ఇదేటి, తినేదా?" అంది.

బన్నీ, దసరాకి వచ్చేలోపు నువ్వొకటి ఆలోచించు. ఇల్యూజన్స్ దింపేశావు, ఐదో ల్యాండ్ రాలేదు, నాలుగే ఉన్నాయి. కిస్తీ కడతావా, వదిలేస్తావా?

మీ మావయ్య